ఫైలు పేర్లకు కాపలా

బెజవాడలో నేను మొదటిసారి చలికి వణికింది ఒక మే నెలలో. డెబ్బైల చివరి సంవత్సరాలవి. కింద రోడ్డు మీద తారు కరిగి చెప్పులకు అంటుకుంటోంది. గవర్నరుపేటలో ఆ మేడ మీద, కంప్యూటరు గదిలో, చెప్పులు బయట విడిచి చేతులు కట్టుకుని నిలబడ్డాను. గదిలో ఒక మూల బీరువా అంత మిషను సన్నగా రొద పెడుతోంది. దాని పక్కన టైపు మిషనులాంటిదే, కాగితపు చుట్ట తగిలించి ఉన్నది ఇంకొకటి. దాన్ని టెలిటైపు అంటారని ఆ రోజే తెలిసింది.

"చలేస్తోందాండీ? రెండు రోజుల్లో అలవాటైపోతుంది. ఆ తర్వాత బయటికెళ్తేనే కష్టం," అన్నారు ప్రోగ్రామరు గారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. మద్రాసులో చదువుకుని వచ్చారు. నాకంటే ఐదారేళ్ళు పెద్ద ఉంటారేమో, అయినా నన్ను ఎప్పుడూ మీరు అనే పిలిచేవారు.

మాది గుణదల. అమ్మ ఒక ఆసుపత్రిలో నర్సు. నాన్న రైల్వే గార్డు కావడంతో ఇంట్లో కంటే బండిలోనే ఎక్కువ ఉండేవాడు. ఇంటర్మీడియట్ అయ్యాక మా వీధి చివర టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయరు, హయ్యరు పాసయ్యాను. ఆ చదువే నాకు ఈ ఉద్యోగం తెచ్చిపెట్టింది. ఆఫీసు పని చేపల సర్వే. కృష్ణా, గుంటూరు తీరంలోని రేవుల్లో ఏ రోజు ఎన్ని పడవలు వచ్చాయి, ఏ చేప ఎంత పడింది అని అక్కడి మనుషులు రాసిన కాగితాలు బస్సులో మాకు చేరేవి. కొన్ని తడిసి, ఆరి, ముడతలు పడి వచ్చేవి. అన్నిటికీ ఉప్పు చేపల వాసన ఉండేది. ముగ్గురు ఆపరేటర్లం ఆ అంకెల్ని మిషనులోకి ఎక్కించేవాళ్ళం. మిగతా ఇద్దరికీ చిన్న చిన్న రేవులు చాలా ఇచ్చారు. నాకు నాగాయలంక దగ్గరి రేవు ఒక్కటే ఇచ్చారు. అది పెద్దది, కాగితాలూ ఎక్కువే.

ఒక్కో రోజు లెక్క ఒక్కో ఫైలు. ప్రతి ఫైలుకీ ఒక పేరు ఉండాలి. ముందు రేవుకు రెండు అక్షరాలు, తర్వాత తేదీకి రెండు అంకెలు, ఆ తర్వాత నెలకు రెండు అంకెలు. నా రేవుకు ఎన్, ఎల్ అని ఇచ్చారు. ఆగస్టు పద్నాలుగో తారీఖు ఫైలు పేరు NL1408. మొదట్లో ఈ పేర్లన్నీ ప్రోగ్రామరు గారే పెట్టేవారు. ఆగస్టు నుంచి మమ్మల్నే పెట్టుకోమన్నారు. నెలాఖరుకు మిషను ఆ పేర్లను చూసి ఫైళ్ళన్నీ కలిపి నెల మొత్తం లెక్క తీసేది.

సెప్టెంబరు మొదట్లో మా ఆఫీసరు గారు రేవుల పర్యటనకు వెళ్ళివచ్చారు. కూచిపూడి పక్క పల్లె మనిషి. కోపం వచ్చినా నవ్వు వచ్చినా గొంతు ఒకే ఎత్తులో ఉండేది. వచ్చీ రాగానే కంప్యూటరు గది తలుపు తీశారు.

"ఏమయ్యా, నాగాయలంక వైపు ఆగస్టులో చేపలేం పడలేదంటగా?"

ప్రోగ్రామరు గారికి అర్థం కాలేదు. "పడకపోవడమేంటండీ?"

"నీ రిపోర్టే చెబుతోంది. అక్కడి వాళ్ళందర్నీ కూర్చోబెట్టి, రేవు రేవుకీ చదువుతున్నా. వాళ్ళ రేవు దగ్గరికొచ్చేసరికి సున్నా! అదీ వాళ్ళకి రొయ్య విరగబడ్డ నెల. ఒకటే నవ్వులు. ఒకావిడ లేచి, మరి మేం నెలంతా అమ్మింది గులకరాళ్ళా బాబూ అని అడిగింది. నేనేం చెప్పను?"

ఆ రేవు నాదే. ఒక్క కాగితం కూడా వదలకుండా ఎక్కించానని నాకు తెలుసు. ఆ మాటే చెప్పాను. ఆఫీసరు గారు నా వంక, ప్రోగ్రామరు గారి వంక చూసి, "చేపలు ఎక్కడికి పోయాయో వెతకండి" అని వెళ్ళిపోయారు.

టెలిటైపు మీద ఫైళ్ళ పేర్లన్నీ అచ్చు వేయించాం. నా ఫైళ్ళు ఉన్నాయి. ఒక్కటీ పోలేదు. పేర్లు కూడా ఉండాల్సినట్టే కనిపిస్తున్నాయి. మరి కలిపేటప్పుడు మిషను వీటిని ఎందుకు వదిలేసింది? ప్రోగ్రామరు గారు కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశారు, మళ్ళీ తెచ్చి బల్ల మీద పెట్టారు. చివరికి కుర్చీ నా వైపు జరిపారు.

"మీరొకసారి ఆ ఫైలు పేరు కొట్టండి. ఎప్పుడూ కొట్టే లాగే."

కొట్టాను.

"ఇంకోసారి, మెల్లగా."

మెల్లగా కొట్టాను. ఎనిమిదికి ముందు ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగండి. మీ వేలు ఎక్కడుంది?"

చూసుకున్నాను. నా వేలు ఇంగ్లీషు అక్షరం 'ఓ' మీద ఉంది. సున్నా దానికి సరిగ్గా పైన, అంకెల వరసలో ఉంది. మా ఇన్‌స్టిట్యూట్‌లోని పాత టైపు మిషనుకు సున్నా కీ లేదు. పెద్ద ఓ కొట్టడమే మాకు నేర్పారు. కాగితం మీద రెండూ ఒకేలా పడేవి కాబట్టి ఎవరికీ పట్టింపు ఉండేది కాదు. అంకెలు ఎక్కించేటప్పుడు అక్షరం పడితే మిషను ఒప్పుకునేది కాదు కాబట్టి అక్కడ జాగ్రత్తగా ఉండేదాన్ని. పేరు దగ్గర మాత్రం వేలు తన అలవాటు ప్రకారం పోయింది. నేను NL14O8 అని కొట్టాను, మిషను NL1408 కోసం వెతికింది. ఆ రెండు పేర్లూ దానికి ఇద్దరు వేరే మనుషుల్లాంటివి.

ఉద్యోగం పోతుందనుకున్నాను. ఆఫీసరు గారు విని, "శుక్రవారం నాతో రామ్మా. ఆ రేవు నువ్వూ చూడాలిగా" అన్నారు.

అమ్మకు భయం వేసింది. "ఆ పల్లెవాళ్ళు నిన్నేమైనా అంటే?" అంటూనే కారియర్‌లో పులిహోర పెట్టింది.

అవనిగడ్డ దాటాక జీపు పోయే రోడ్డుకు రెండు పక్కలా పొలాలే. అప్పుడే పిలకలు వేస్తున్న వరి, ఆ తర్వాత ఉప్పు గాలి, ఆ తర్వాత మడ చెట్లు. సముద్రం చూడడం నాకు కొత్త కాదు గానీ, రేవు చూడడం అదే మొదటిసారి. పడవలు ఒడ్డెక్కుతున్నాయి. బుట్టలు దిగుతున్నాయి. మా కాగితాలు రాసే మనిషి మోకాలి మీద అట్ట పెట్టుకుని, వచ్చిన ప్రతి పడవ దగ్గరికీ పరుగెత్తి రాస్తున్నాడు. ఇంతకాలం నేను ఎక్కించిన అంకెలు ఇలా పుడుతున్నాయన్న మాట.

ఆఫీసరు గారు నన్ను ఒక పెద్దావిడ దగ్గరికి తీసుకెళ్ళారు. గులకరాళ్ళ మాట అన్నది ఆవిడే. ఒడ్డున చేపల బేరం చేసేవాళ్ళందరికీ ఆవిడ మాటే మాట.

"ఈ అమ్మాయేనమ్మా మీ లెక్క ఎక్కించేది," అన్నారాయన.

ఆవిడ నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "అయితే మా రొయ్యలన్నీ మింగేసింది నువ్వేనా తల్లీ? ఇంత బక్కగా ఉన్నావు, ఎక్కడ దాచుకున్నావే?"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. జరిగింది చెప్పాను. సున్నా, ఓ సంగతి ఇసుకలో వేలితో రాసి చూపించాను. ఆవిడ వంగి చూసి, "రెండూ గుండ్రంగానే ఉండాయిగా. పాపం, నువ్వు మాత్రం ఏం చేస్తావు. ఈసారి సరిగ్గా రాయి, మా ఊరోళ్ళు పనిలేనోళ్ళని గవర్నమెంటోళ్ళు అనుకోగూడదు" అంది. తర్వాత వాళ్ళింట్లో చందువా పులుసుతో అన్నం పెట్టింది. నేను తెచ్చిన పులిహోర ఆవిడ మనవలు తినేశారు. తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఒకటే అనుకున్నాను, ఆ ఊరి లెక్క ఇంకెప్పుడూ తప్పకూడదని.

ఆ వారాల్లోనే మద్రాసు నుంచి ఒక ఇంజనీరు మా మిషను చూడ్డానికి వచ్చాడు. వెళ్తూ వెళ్తూ తను రాసుకున్న ఒక ఎడిటర్, అంటే ఫైళ్ళలోని రాతను దిద్దే ప్రోగ్రాం, మా మిషనులో పెట్టి, అది ఎలా వాడాలో ప్రోగ్రామరు గారికి చెప్పిపోయాడు. ఒక మాట ఎక్కడుందో వెతికినట్టే, ఒక మాట 'రూపం' ఎలా ఉండాలో చెప్పి కూడా అందులో వెతకవచ్చు. ఆ రూపం రాసే పద్ధతిని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారట. ఆ పేరు విని ఆఫీసరు గారు, "కూచిపూడి గాలి పీల్చి పెరిగినవాణ్ణి. ఎక్స్‌ప్రెషనంటే మొహంలో చూపించేదే నాకు తెలుసు. ఇదేంటయ్యా?" అన్నారు.

ప్రోగ్రామరు గారు దానితో ఒక స్క్రిప్టు రాశారు. రోజూ మనం వరసగా కొట్టే ఆజ్ఞల్ని ఒక ఫైల్లో రాసిపెడితే, మిషను వాటిని తనంతట తానే ఒకదాని వెనక ఒకటి చేసుకుపోతుంది. అదే స్క్రిప్టంటే. ఈ స్క్రిప్టు పని మేం పెట్టిన పేర్లను పరీక్షించడం. ఆయన గోడకు ఒక కాగితం అంటించారు.

^[A-Z][A-Z][0-3][0-9]0[1-9]$

"చూసి భయపడకండి," అన్నారు మా ముగ్గురితో. "మొదట ఉన్న గుర్తుకి పేరు ఇక్కడ మొదలని అర్థం. చివర డాలరు గుర్తుకి పేరు ఇక్కడితో సరి అని. మధ్యలో ఒక్కో బ్రాకెట్టూ ఒక్కో అక్షరానికి చోటు. ఆ చోట్లో ఏవేవి రావచ్చో లోపల రాశాను. అంతే."

అంటే రెండు అక్షరాలు, సున్నా నుంచి మూడు దాకా ఒక అంకె, తర్వాత ఏదో ఒక అంకె, తర్వాత సున్నా, చివర ఒకటి నుంచి తొమ్మిది దాకా ఒక అంకె. సున్నా ఉండాల్సిన చోట నా ఓ పడితే స్క్రిప్టు ఆ పేరును అచ్చు వేసి పక్కన 'తప్పు' అని చూపించేది. అది సరే అన్న ఫైళ్ళనే కలిపే ప్రోగ్రాం తీసుకునేది. సెప్టెంబరు మిగిలిన రోజులన్నీ అది నన్ను పట్టుకుంటూనే ఉంది. నేను దిద్దుకుంటూనే ఉన్నాను. నెలాఖరుకు నా వేలు సున్నా దారి నేర్చుకుంది. నాగాయలంక రేవు లెక్క చక్కగా వచ్చింది.

అక్టోబరు కాగితాలు మొదటిసారి వచ్చిన రోజు సాయంత్రం స్క్రిప్టు నడిపాం. టెలిటైపు కొట్టడం మొదలుపెట్టి ఆగలేదు. నావి తప్పు. నా పక్కమ్మాయివి తప్పు. మూడో అమ్మాయివీ తప్పు. కాగితం చుట్ట నేల మీదికి జారుతోంది. పక్కమ్మాయి బిక్కమొహం వేసింది. నేను ఒక్కో పేరూ చూశాను. ఓ ఎక్కడా లేదు. తేదీలు సరిగ్గా ఉన్నాయి. గోడ మీది కాగితం చూశాను, మళ్ళీ పేర్లు చూశాను. అప్పుడు తట్టింది.

"సార్," అన్నాను. "మీ లెక్కలో ఏడాదికి తొమ్మిది నెలలేనాండీ?"

ఆయన తల తిప్పి గోడ వైపు చూశారు. నెల దగ్గర ముందు సున్నానే ఉండాలని రాశారు. అక్టోబరు పదో నెల. సున్నాతో మొదలు కాదు. అది అర్థమై ఆయన నవ్విన నవ్వు ఇప్పటికీ వినిపిస్తుంది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ నవ్వారు. ఆఫీసరు గారిని పిలిచి మరీ చెప్పారు, "సార్, అక్టోబర్, నవంబర్, డిసెంబర్ తీసేశానండీ. ఈ అమ్మాయి పట్టుకుంది."

"జీతాలు కూడా తొమ్మిది నెలలకేనా?" అన్నారు ఆఫీసరు గారు, అదే గొంతుతో.

ప్రోగ్రామరు గారు రెండో వరస కలిపారు. ఒకటి సున్నాతో మొదలయ్యే నెలలకు, ఇంకోటి ఒకటితో మొదలయ్యే నెలలకు. ఈ రెంటిలో దేనికి సరిపోయినా పేరు సరైనదే. ఆయన రాస్తుంటే వెనక నిలబడి చూశాను.

"నాకు నేర్పిస్తారాండీ?" అని అడిగాను. అడగాలని ముందు అనుకోలేదు.

"ఎందుకు నేర్పించను? కూర్చోండి," అన్నారు.

ఆ తర్వాత మధ్యాహ్నం భోజనాలయ్యాక కాసేపు నేర్చుకునేదాన్ని. మొదట కాగితం మీద రాయించేవారు, తర్వాత మిషను మీద. అది నన్ను ఎంతగా పట్టుకుందంటే, సిటీ బస్సులో కూర్చుంటే ముందు లారీ నంబరు ఏ రూపంలో ఉందో మనసులో రాసుకునేదాన్ని. ఆదివారం చర్చిలో పాటల నంబర్లు బోర్డు మీద చూసి, వీటిలో మూడంకెలు దాటేవి ఉంటాయా అని లెక్కవేస్తుంటే అమ్మ మోచేత్తో పొడిచింది. "ప్రార్థన చేస్తున్నావా, ఇంకేమైనానా?" అంది చెవిలో.

ఒక రోజు సరదాగా ముప్పైతొమ్మిదో తారీఖు అని ఒక ఖాళీ ఫైలు పెట్టి చూశాను. స్క్రిప్టు ఏమీ అనలేదు. ఫిబ్రవరి ముప్పై అని పెట్టాను. దానికీ ఏమీ అనలేదు.

"ఇదేంటండీ, ముప్పైతొమ్మిదో తారీఖు కూడా ఒప్పుకుంటోంది?"

"అది రూపమే చూస్తుందండీ, నిజం చూడదు," అన్నారాయన. "రూపం ఎంత గట్టిగా రాస్తే అంత గట్టిగా పట్టుకుంటుంది. మీరే రాయండి, చూద్దాం."

రాశాను. ముప్పైఒక్క రోజుల నెలలు వేరే, ముప్పై రోజులవి వేరే, ఫిబ్రవరి వేరే. వరసలు పెరిగిపోయాయి. రాయడానికి మూడు మధ్యాహ్నాలు పట్టిందో నాలుగో. గోడ మీది పాత కాగితం తీసేసి నాది అంటించారు. ఆ సాయంత్రం గుణదలలో సిటీ బస్సు దిగినా, ఇంకా ఆ గదిలోనే ఉన్నట్టుంది నాకు.

నా గర్వం నెల తిరక్కుండానే దిగింది. నవంబరు లెక్క తీస్తే బందరు వైపు ఒక రేవులో చేపలు అమాంతం ఎక్కువయ్యాయి. పక్కమ్మాయి ఒక ఫైలును దిద్దే ముందు, పాతది పోకుండా దాని పేరు చివర ఒక ఎక్స్ కలిపి ఇంకో కాపీ పెట్టుకుంది. నేను రాసిన వరసల్లో ఒకదాని చివర డాలరు గుర్తు మరిచాను. పేరు అక్కడితో అయిపోవాలని చెప్పలేదు కాబట్టి, వెనక ఇంకేం ఉన్నా స్క్రిప్టు సరే అనేసింది. ఆ రోజు పట్టిన చేపలు రెండుసార్లు లెక్కకొచ్చాయి. రిపోర్టు బయటికి పోకముందే నాకే కనిపించింది కాబట్టి సరిపోయింది. మా ఆఫీసరు గారు, "ఒకసారి మింగేస్తావు, ఒకసారి రెట్టింపు చేస్తావు. నీ చేతిలో ఏదో మహత్తు ఉందమ్మా" అన్నారు. పక్కమ్మాయి రెండు రోజులు నన్ను పేరు చివర ఎక్స్ కలిపి పిలిచింది.

వేసవిలో ప్రోగ్రామరు గారికి హైదరాబాదు బదిలీ అయింది. మా ఆఫీసులో ఆ కుర్చీకి ఎవర్ని పెట్టాలన్న మాట వచ్చింది. నా పేరు ఆయనే చెప్పారు. డిగ్రీ లేని ఆపరేటరును ప్రోగ్రామరును చేయడానికి రూలు ఉందా అని ఆఫీసరు గారికి సందేహం. అయితే, ఇదివరకే పనిచేస్తున్నవాళ్ళకు ఒక పరీక్ష ఉందని తెలిసింది. హైదరాబాదు వెళ్ళి రాయాలి. నాన్న తన పాసు మీద నన్ను తీసుకెళ్ళాడు.

రాత పరీక్ష బాగానే రాశాను. ఇంటర్వ్యూలో ముగ్గురు పెద్దమనుషులున్నారు. ఒకాయన నా దరఖాస్తు చూసి, "ఫైలు పేర్లు చెక్ చేసే స్క్రిప్టా? సరే, ఈ బోర్డు మీద లారీ నంబరుకి రూపం రాయమ్మా" అన్నారు.

చాక్‌పీసు తీసుకున్నాను. రాయబోతూ ఆగాను. "సార్, లారీ నంబరులో అంకెలు సున్నాతో మొదలవుతాయాండీ?"

"మొదలవవు," అన్నారు అడిగినాయన.

"ఎందుకు మొదలవవూ, నేను చూశానుగా," అన్నారు రెండో ఆయన.

"ఎక్కడ చూశారు మీరు?"

"మా ఊళ్ళో రైసు మిల్లు లారీకి."

"అది పెయింటరు తప్పు రాసుంటాడు."

వాళ్ళిద్దరూ ఆ సంగతి తేల్చుకునేదాకా చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డాను. మూడో ఆయన నా వంక చూసి నవ్వాపుకుంటూ, "రెండు విధాలుగానూ రాసెయ్యమ్మా, గొడవ ఉండదు" అన్నారు. రెండు విధాలుగానూ రాశాను.

ఆర్డరు వర్షాలు మొదలయ్యాక వచ్చింది. అసిస్టెంటు ప్రోగ్రామరు. ఆఫీసరు గారు కవరు నా చేతికిచ్చి, "ఇక తప్పులన్నీ నీవే, ఇంకొకళ్ళ మీద పెట్టడానికి లేదు" అని, టీ తెప్పించారు. ప్రోగ్రామరు గారికి ఉత్తరం రాస్తే వెంటనే జవాబిచ్చారు. తన కొత్త ఆఫీసులో ఇంకా పేర్లు చేత్తోనే చూస్తున్నారనీ, నా వరసలన్నీ రాసి పంపమనీ అడిగారు. ఒక్క డాలరు గుర్తూ మరిచిపోకుండా సరిచూసుకుని పంపాను.

ఆర్డరు అందిన రోజు సాయంత్రం నాన్న డ్యూటీ దిగి నేరుగా ఆఫీసు కిందకి వచ్చాడు. యూనిఫాం ఇంకా విప్పలేదు, చేతిలో పచ్చ జెండా చుట్టి ఉంది. అమ్మ ఆసుపత్రి నుంచి వచ్చింది. ముగ్గురం ఏలూరు కాలవ పక్కన నడిచాం. వాన వెలిసి కాలవ ఎర్రగా నిండుగా పారుతోంది. ఒడ్డున బండివాడు బజ్జీలు వేస్తున్నాడు.

"ఇంతకీ నువ్వు చేసే పనేంటే? అడిగినవాళ్ళకి నేనేం చెప్పాలి?" అంది అమ్మ.

"ఫైళ్ళకి పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తానమ్మా."

"మా ఆసుపత్రిలో పుట్టిన పిల్లలందరి పేర్లూ నేనే చూస్తా. నాకెవరూ ప్రమోషనివ్వలేదే," అంది అమ్మ. నాన్న పెద్దగా నవ్వాడు, జెండా చంకలో పెట్టుకుని ఇంకో ప్లేటు బజ్జీలు చెప్పాడు. అవి చాలా వేడిగా ఉన్నాయి. చల్లారేదాకా ఆగలేక, ఊదుకుంటూ అక్కడే నిలబడి తిన్నాం.